బటన్ నొక్కితే చిక్కడపల్లి

మా ఇల్లు చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు దగ్గర్లో ఒక సందులో. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మూడేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా తిరిగొచ్చింది గానీ కుడి కాలు మాత్రం ఇంకా సరిగ్గా పడదు. అప్పటి నుంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు తప్ప అమ్మ కిందికి దిగడం లేదు.

అందుకే సాయంత్రం నాయిన చెప్పులేసుకుంటుంటే అమ్మ రోజూ ఒకే మాట అంటుంది. "నాలుగు ఫొటోలు తీస్కరా. ఊరు ఎట్లున్నదో చూస్త." ఊరంటే ఆమె పుట్టిన నల్లగొండ జిల్లా పల్లె కాదు. కూరగాయల మార్కెట్టు, వెంకటేశ్వరస్వామి గుడి, నారాయణగూడ చౌరస్తా, అశోక్‌నగర్ లైబ్రరీ రోడ్డు. ముప్ఫై ఏళ్లు నడిచిన ఆ రెండు మూడు కిలోమీటర్లే ఆమె ఊరు.

నాయిన వెళ్తాడు, గంట తర్వాత వస్తాడు. ఫోన్లో ఫొటోలు ఉండవు. ఉన్నా అవి ఫొటోలు కావు, రెండు సెకన్ల వీడియోలు. ఊగుతున్న ఫుట్‌పాత్, ఆటో హారన్, ఆయన బొటనవేలు, అంతే. "ఇది నా మాట ఇంటలేదే" అని ఫోన్ టీవీ పక్కన పెట్టేస్తాడు. అమ్మ ఏమీ అనదు, సీరియల్ చూస్తుంది.

నేనేమో గచ్చిబౌలిలో మొబైల్ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇదంతా నా కళ్ల ముందే జరిగేది. పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ అలవాటు కావడం కష్టంలే అనుకుని నా గదిలోకి వెళ్లిపోయేవాణ్ని.

ఒకరోజు ఆఫీసు లంచ్‌లో కెమెరా బటన్ మీద గొడవ వచ్చింది. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16తో పాటు పక్కన 'కెమెరా కంట్రోల్' అనే బటన్ వచ్చింది గదా, అప్పటి నుంచి ఈ చర్చ ఆగి ఆగి నడుస్తూనే ఉంది. మా టీంలో అందరూ "వేస్ట్" అన్నారు. నేనూ అన్నాను. మా వాదన ఇదీ: ఫోన్ తెరే అంత పెద్ద బటన్ అయినప్పుడు పక్కన ఇంకోటి దేనికి? ప్రతి బటన్‌కూ ఫ్రేములో ఒక కన్నం పెట్టాలి, లోపల చోటు ఇవ్వాలి, నీళ్లు పోకుండా సీలు వేయాలి. ఆ చోటేదో బ్యాటరీకి ఇస్తే పోదా?

ఇంత మాట్లాడి, రెండు నెలలకు ఈఎంఐలో నేను కొన్న ఫోన్‌కు సరిగ్గా ఆ బటనే ఉంది. కొన్న మొదటి వారం ఆడుకున్నాను, తర్వాత మరిచిపోయాను. ఒక ఆదివారం పొద్దున నాయిన పాల ప్యాకెట్లకు వెళ్తుంటే ఎందుకో అనిపించింది. "నాయినా, ఇయ్యాల నా ఫోన్ పట్టుకో. నీ ఫోన్ నాకియ్యి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చుట్టొద్దాం" అన్నాను. లోపల్నుంచి అమ్మ "ఫొటోలు మర్వకుండ్రి" అని అరిచింది.

నాయిన చేతుల గురించి కాస్త చెప్పాలి. ముప్ఫై ఆరేళ్లు ఆయన ప్రెస్సుల్లో బైండింగ్ పని చేశాడు. ఫారాలు మడవడం, కుట్టడం, జిగురు రాయడం, అట్ట వేయడం. చిక్కడపల్లి చుట్టుపక్కల అచ్చయిన తెలుగు పుస్తకాల్లో ఎన్ని ఆయన చేతుల మీదుగా పోయాయో ఆయనకే తెలీదు. కాగితం మడత మీద రోజుకు వేలసార్లు గీసిన వేళ్లు కదా, గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ ఆయన వేలిముద్ర తీసుకోదు, కళ్లు చూపించి బియ్యం తెచ్చుకుంటాడు. అరిగినచోట చర్మం గట్టిపడి, పొడిబారి, గోటిలా తయారైంది.

మార్కెట్ దగ్గర మొదలుపెట్టాం. ఆదివారం కాబట్టి ఏడున్నరకే జనం. తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతున్నారు. నాయిన ఎడమ చేతిలో సంచి. ముందు బటన్ సంగతి చెప్పకుండా మామూలుగా తెర మీద తీయమన్నాను. తెల్ల గుండ్రం మీద వేలు పెట్టాడు, ఏమీ కాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. అప్పుడూ కాలేదు. మూడోసారి నొక్కి అలాగే పట్టుకున్నాడు. వీడియో మొదలైంది.

ఇన్నాళ్ల రెండు సెకన్ల వీడియోల రహస్యం అక్కడ తెలిసింది. గట్టిగా నొక్కితే మిషన్ వింటుంది అనేది ఆయన అనుభవం. కటింగ్ మిషనైనా, స్టాప్లరైనా అంతే కదా. ఫోన్ తెరకు మాత్రం బలంతో పనిలేదు. గాజు కింద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన వేలు దగ్గరికొస్తే ఆ క్షేత్రం కొద్దిగా మారుతుంది, ఆ మార్పునే ఫోన్ 'తాకారు' అని లెక్కేసుకుంటుంది. చర్మం మెత్తగా, కాస్త తేమగా ఉంటే ఆ మార్పు బాగా తెలుస్తుంది. మందంగా, పొడిగా ఉంటే తక్కువగా తెలుస్తుంది. పైన ఫుట్‌పాత్ మీద కొన్న మందపాటి టెంపర్డ్ గ్లాసు కూడా ఉంటే మరీ తక్కువ. ఇక తాకిన వేలు తెర మీదే ఉండిపోతే చాలా ఫోన్లు దాన్ని వీడియో తీయమన్నట్టు అర్థం చేసుకుంటాయి. అంటే ఫోన్ మాట వినకపోవడం ఒక్కటే కాదు, విన్నప్పుడు తప్పుగా వింటోంది.

"ఇగో, ఈ పక్కన బటన్ ఉన్నది సూడు. ఒకసారి నొక్కితే కెమెరా తెర్సుకుంటది, ఇంకోసారి నొక్కితే ఫొటో పడ్తది" అన్నాను.

నొక్కాడు. టక్కుమంది. ఫొటో పడింది. వంకరగా ఉంది, సగం తోటకూర, సగం ఆకాశం. కానీ ఫొటోనే. నాయిన ఒకసారి నా వైపు చూసి, మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కు. గుడి దాకా వెళ్లేలోపు చేమంతి దండలు, అరటిపళ్ల బండి, గోడ నీడన పడుకున్న కుక్క, ఏదీ వదల్లేదు. గుడి బయట పూలమ్మే ఆమెను "అమ్మా, ఒక్క ఫొటో తీస్కుంట, మా ఇంటామె అడుగుతది" అని అడిగి మరీ తీశాడు. ఆమె కొంగు సర్దుకుంది. ఆయన నొక్కేటప్పుడు తెర చూడలేదు, ఆమెను చూశాడు. వేలికి బటన్ తెలుస్తోంది కదా, కన్ను దాన్ని వెతకాల్సిన పనిలేదు. చీకట్లో ఇంట్లోకి రాగానే చెయ్యి స్విచ్చు మీదికి పోయినట్టు.

అక్కణ్నుంచి మెట్రో స్తంభాల నీడలో నారాయణగూడ వైపు నడిచాం. ఎండ ముదిరింది. నా చేతిలో ఉన్న నాయిన ఫోన్ తెర మీద ఏమీ కనపడటం లేదు, నా మొహమే కనపడుతోంది. ఏది ఎక్కడుందో తెలియక చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుక్కుంటున్నాను. ఆయనేమో ముందు నడుస్తూ తీసుకుంటూ పోతున్నాడు.

ఈ బటన్ కొత్తదేం కాదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు మా మేనమామ దుబాయ్ నుంచి నోకియా ఎన్73 తెచ్చాడు. 2006లో వచ్చిన ఫోన్, 3.2 మెగాపిక్సెళ్లు. వెనక మూత జరిపితే కెమెరా తెరుచుకునేది, పక్కన విడిగా కెమెరా బటన్ ఉండేది. మా అక్క ఓణీల ఫంక్షన్ ఫొటోల్లో సగం దానితో తీసినవే. సోనీ ఎరిక్సన్ కె750 లాంటి ఫోన్లకూ ఉండేది. తర్వాత మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఫోన్లకు కెమెరా బటన్ ఉండి తీరాలని నియమమే పెట్టింది. 2013లో 41 మెగాపిక్సెళ్లతో వచ్చిన నోకియా లూమియా 1020 ఆ కాలపుదే. 2014కల్లా ఆ నియమాన్ని మైక్రోసాఫ్టే సడలించింది. ఈలోపు ఆపిల్ 2011లో ఐఓఎస్ 5తో ఇంకో దారి చూపించింది: విడిగా బటన్ దేనికి, కెమెరా తెరిచి ఉన్నప్పుడు వాల్యూమ్ బటన్‌నే వాడుకోండి అని. ఆండ్రాయిడ్ ఫోన్లూ అదే దారి పట్టాయి. సోనీ ఎక్స్‌పీరియా ఫోన్లు మాత్రం పాత బటన్‌ను వదలకుండా పట్టుకొచ్చాయి. పదమూడేళ్ల తర్వాత ఆపిలే మళ్లీ విడి బటన్ దగ్గరికొచ్చింది.

నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ చెప్పి ఫొటోలు తెరిచాం. పూలామె బాగా వచ్చింది. తర్వాత వరసగా ఇరవై మూడు నల్ల ఫొటోలు. నాయిన జేబు లోపలివి. నడుస్తుంటే తాళంచెవి గుత్తి బటన్‌ను నొక్కుతూ వచ్చింది. "నీ బటను జేబుల గూడ ఫొటోలు తీస్తున్నది రా" అని నవ్వాడు. తెర వెలుగుతున్నప్పుడే బటన్ పనిచేయాలని సెట్టింగుల్లో మార్చాను. నల్లవి పోగా మిగిలిన వాటిలోనూ మూడో వంతు కదిలిపోయి ఉన్నాయి. కారణం సులువే. ఆయన బటన్‌ను పంచింగ్ మిషన్‌లా కొడుతున్నాడు, ఆ దెబ్బకు ఫోనే ఊగుతోంది. బటన్ వద్దనేవాళ్లు చెప్పే మాటల్లో ఇదొకటి, నిజమే కూడా. తెర మీద సుతారంగా తాకితే ఊపు తక్కువ.

పెద్ద కెమెరాల్లో దీనికి పాత మందు ఉంది. బటన్ రెండు మెట్లుగా ఉంటుంది. సగం నొక్కితే కెమెరా ఫోకస్, వెలుతురు సరిచూసుకుని ఆగుతుంది. పూర్తిగా నొక్కితే ఫొటో. ఎక్స్‌పీరియా బటన్ ఇలాంటిదే. నా ఫోన్‌లోనూ ఉంది. ఇది నాయినకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, "ఫారాలు కుట్టేటప్పుడు సూది గుచ్చే ముందు ఒక్క క్షణం ఆన్చి పడ్తవ్ గదా. గట్ల ఆన్చు. తర్వాత గుచ్చు" అన్నాను.

ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

బయటికొచ్చి నారాయణగూడ మెట్రో స్టేషన్ కనపడే చోట ఆగాడు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఈ పదకొండు కిలోమీటర్ల లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. మొదలైన వారంలోనే అమ్మ, నాయిన చిక్కడపల్లిలో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, పని ఏమీ లేకపోయినా మళ్లీ అదే రైలెక్కి వచ్చారు. అమ్మ ఎక్కిన మెట్రో అదొక్కటే. "రైలొచ్చేది తీద్దాం" అన్నాడు నాయిన. ఫోన్ ఎత్తి, బటన్ మీద వేలు ఆన్చి నిలబడ్డాడు. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో. పక్కనుంచి ఆర్టీసీ బస్సులు హారన్ కొడుతున్నా కదల్లేదు. రైలు ముక్కు కనపడగానే గుచ్చాడు.

ఇక్కడ ఒక ఇంజినీరు ముచ్చట. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ చాలా ఫోన్లు వెనకాల ఫ్రేములు పట్టి దాచుకుంటూనే ఉంటాయి. మనం నొక్కగానే ఆ క్షణానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసి ఇస్తాయి. అంటే ఆలస్యం ఇప్పుడు కెమెరాలో పెద్దగా లేదు, కెమెరా దాకా చేరడంలో ఉంది. జేబులోంచి తీయాలి, తాళం తీయాలి, బొమ్మ వెతకాలి, తాకాలి. నాకు రెండు సెకన్లు. నాయినకు అక్కడే సాయంత్రం అయిపోతుంది. బటన్ తగ్గించేది ఆ దూరాన్ని.

అంతా విన్నాక నాకు నేనే గెలిచినట్టు అనిపించింది. సోమవారం లంచ్‌లో చెప్పాల్సిన ఉపన్యాసం కూడా మనసులో సిద్ధమైపోయింది. దోమలగూడ మీదుగా అశోక్‌నగర్ చేరేదాకా ఆ హుషారు ఉంది.

అశోక్‌నగర్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గ్రూప్స్, సివిల్స్, ఎస్సై, కానిస్టేబుల్, ఏ పరీక్షకైనా పిల్లలు సంచి సర్దుకుని దిగేది ఇక్కడే. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ షాపులు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే క్యూ. 2024లో పరీక్షల వాయిదా కోసం ధర్నాలు జరిగిన రోడ్లూ ఇవే. ప్రెస్సు ఉద్యోగం అయిపోయాక నాయిన ఇక్కడే ఒక జిరాక్స్ షాపులో పూటకు కొన్ని గంటలు స్పైరల్ బైండింగ్ చేస్తున్నాడు. ఆ పిల్లలందరికీ ఆయన 'అంకుల్'.

షాపు దగ్గర ఖమ్మం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. స్నేహితుడి నోట్సు ఒక రోజుకు తెచ్చుకున్నట్టున్నాడు. జిరాక్స్‌కు డబ్బులు ఎందుకని బల్ల మీద పెట్టుకుని ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నాడు. ఎడమ అరచేత్తో పేజీని అదిమి పట్టాడు, కుడి చేతిలో ఫోన్. పేజీ తిప్పు, టక్. పేజీ తిప్పు, టక్. బొటనవేలు తెర మీదికి పోవడమే లేదు. మూల పగిలిన, చవక ఫోన్ అది. కెమెరా బటన్ ఉండే అవకాశమే లేదు.

నాయిన నా ఫోన్ చూపిస్తూ గర్వంగా, "మా కొడుకుది. బటను నొక్కితే ఫొటో వస్తది" అన్నాడు.

ఆ అబ్బాయి మర్యాదగానే అన్నాడు. "మీ ఫోన్లో కూడా వస్తుంది అంకుల్. కెమెరా తెరిచి సౌండు బటన్ నొక్కండి. మేమందరం అట్లనే తీస్తాం. తెర ముట్టుకుంటే ఒంటి చేత్తో అక్షరాలు కదిలిపోతయి."

నాయిన చెయ్యి చాపాడు. ఆయన ఫోన్ ఆయనకిచ్చాను. ఆ అబ్బాయి కెమెరా తెరిచి పెట్టాడు. నాయిన సౌండు బటన్ మీద వేలు ఆన్చి, గుచ్చాడు. షాపు ముందున్న స్పైరల్ కట్టల ఫొటో నిటారుగా పడింది.

"గిది ఈ ఫోన్ల ముందునుంచే ఉన్నదారా?" అని నన్నడిగాడు.

"ఉన్నది నాయినా."

"నీకెరుకేనా?"

"ఎరుకే."

ఆయన ఇంకేమీ అనలేదు. షాపాయన చాయ్ తెప్పిస్తే తాగాడు. నేను కూడా తాగాను గానీ రుచి తెలియలేదు. ఆ ఫోన్ కొనిచ్చింది నేనే, సిమ్ వేసి ఇచ్చింది నేనే. యాప్ టెస్ట్ చేసేటప్పుడు వాల్యూమ్ బటన్‌తో నేను వందసార్లు ఫొటోలు తీసి ఉంటాను. ఇంట్లో మూడేళ్లుగా ఒక మనిషి ఫొటో తీయలేకపోతున్నాడని తెలుసు, ఇంకో మనిషి వాటి కోసం ఎదురుచూస్తోందని తెలుసు. ఆయన చెయ్యి తెర మీద ఏం చేస్తుందో ఒక్కసారీ పక్కన నిలబడి చూడలేదు. అది చూడటానికి నాకు కొత్త ఫోను, ఈఎంఐ, ఆదివారం కావాల్సి వచ్చాయి.

ఆ రాత్రి కూర్చుని చేసిన పని మొత్తం పది నిమిషాలు. నాయిన ఫోన్లో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునేలా పెట్టాను. వాల్యూమ్ బటన్‌ను ఫొటోకు పెట్టాను, కొన్ని ఫోన్లలో అది జూమ్‌కు ఉంటుంది, సెట్టింగుల్లో మార్చుకోవాలి. మందపాటి గాజు పీకేశాను. తెర సున్నితత్వం పెంచే ఆప్షన్ ఆయన ఫోన్లో ఉంది, దాన్ని ఆన్ చేశాను. 'చీజ్' అంటే ఫొటో తీసే ఫోన్లూ ఉన్నాయి. కానీ చిక్కడపల్లి మార్కెట్లో తోటకూర ముందు నిలబడి 'చీజ్' అనడానికి మా నాయిన ఒప్పుకోడు.

అయితే విడి బటన్ అక్కర్లేదా? నెల రోజులుగా నాయినను చూశాక నా సమాధానం మారింది. వాల్యూమ్ బటన్‌తో ఫొటోలు వస్తున్నాయి, రోజూ వస్తున్నాయి. కానీ కెమెరా తెరుచుకోకముందే నొక్కితే సౌండు తగ్గిపోతుంది. రెండుసార్లు అలా రింగు వినపడక అమ్మ ఫోన్ చేసి చేసి గాబరా పడింది. "ఒక బటనుకు ఒక్కటే పని ఉండాలె రా. సూది సూదే, కత్తెర కత్తెరే" అంటాడు నాయిన. ఆయన మాటే కరెక్టు. మెత్తటి వేళ్లు, మంచి కళ్లు ఉన్న మాలాంటి వాళ్లకు ఆ బటన్ సరదా. గట్టిపడిన వేళ్లకు, వణికే చేతులకు, ఎండలో తిరిగేవాళ్లకు, ఒక చెయ్యి ఖాళీ లేనివాళ్లకు అది అవసరం. కంపెనీలు మాత్రం దాన్ని ఖరీదైన ఫోన్లకే పెడుతున్నాయి. ఆ ఫోన్లు కొనేది మేము, కొని వేస్ట్ అనేదీ మేమే. సోమవారం లంచ్‌లో ఇంతే చెప్పాను. ఒకతను మాత్రం వాళ్ల అమ్మ ఫోన్ మోడల్ ఏమిటో గుర్తుచేసుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటికి రాగానే అమ్మ ఫొటోలు ఒక్కొక్కటే రెండు వేళ్లతో పెద్దవి చేసుకుంటూ చూసింది. "ఈ పూలామె ఇంక ఈడనే కూసుంటున్నదా! సన్నబడ్డది." "గుడికి రంగులేసిన్రా?" మెట్రో ఫొటో దగ్గర ఆగి, "మనమెక్కింది గిదే గదా" అంది. నాయిన అవునన్నాడు.

చివర్లో నేను చూడని ఫొటో ఒకటి వచ్చింది. అశోక్‌నగర్లో నాయిన ఎప్పుడు తీశాడో. షాపు ముందు ఖమ్మం అబ్బాయి పేజీ తిప్పుతున్నాడు, వెనకాల గోడకు ఆనుకుని నేను. తల దించుకుని ఉన్నాను.

"వీడు ఎప్పుడు జూసినా ఫోన్లనే ఉంటడు" అంది అమ్మ.

నా చేతిలో అప్పుడు ఫోన్ లేదు. ఆ మాట అమ్మకు చెప్పలేదు. నాయిన కూడా చెప్పలేదు.